కలపడానికే విడదీసిన చేయి

ఫ్రెంచి కతోలిక తత్త్వవేత్త జాక్ మారిటేన్ 1932లో ఒక పెద్ద పుస్తకం అచ్చువేశారు. దానికి ఆయన పెట్టిన పేరు ‘కలపడం కోసం విడదీయడం’ అన్న మాటలతో మొదలవుతుంది. ఆయన పనితనమంతా అందులోనే ఉంది.

ఈ విద్య ఆయనకు పునీత తోమాసు అక్వినాసు నుంచి వచ్చింది. ఏ ప్రశ్న ఎత్తుకున్నా తోమాసు ముందు తనకు అడ్డు నిలిచే వాదాలను వరసగా చెబుతారు. తర్వాత తన సమాధానం, ఆపైన ఒక్కొక్క ఆక్షేపణకూ విడిగా జవాబు. పూర్వపక్షం, సిద్ధాంతం ఎరిగిన మనకు ఈ నడక కొత్త కాదు. ‘ఈ అర్థంలో నీ మాట ఒప్పుకుంటాను, ఆ అర్థంలో ఒప్పుకోను’ అనడంలోనే నేర్పు ఉంది. మంచి వడ్రంగి నార వాటం చూసి ఉలి పెట్టినట్టే! ఎదుటివాడి మాటలో నిజం ఎంతుందో అంత పుచ్చుకున్నాకే కాదనాలి.

మారిటేన్ ఆ ఉలిని స్వేచ్ఛ మీద పెట్టారు. ఎంచుకునే స్వేచ్ఛ ఒకటి, అది మనిషికి పుట్టుకతో వస్తుంది. పండిన స్వేచ్ఛ మరొకటి, దాన్ని సంపాదించుకోవాలి. వీణ తీగ మీద ఎక్కడైనా వేలు పెట్టగల వీలు పసిపిల్లకూ ఉంది, కల్యాణిని పలికించే స్వేచ్ఛ మాత్రం ఏళ్ల సాధన తర్వాత గాని రాదు. మొదటిది రెండోదాని కోసమే ఉందంటారాయన.

మనిషినీ అలాగే చూశారు. సమాజంలో ఒక భాగంగా మనిషి దానికి బాకీపడి ఉంటాడు. దేవుణ్ణి చేరవలసిన ఆత్మగా మాత్రం ఏ రాజ్యమూ మింగలేని నిండుతనం అతనిది. ఫ్రెంచిలో ఈ రెంటికీ రెండు మాటలున్నాయి, మనం రెంటినీ ‘వ్యక్తి’ అనే అంటాం.

కళ దగ్గరా ఇదే చూపు. చెప్పులు కుట్టేవాడి భక్తి వేరు, చెప్పు బాగా కుదరడం వేరు. భక్తి ఉందని పనితనం తగ్గితే ఊరుకోరాయన. మన గుడుల్లో ప్లాస్టిక్ స్వరూపాలు చూసినప్పుడల్లా నాకు 1920 నాటి ఆయన పుస్తకం ‘కళ – స్కొలాస్టిసిజం’ గుర్తొచ్చి కడుపు మండుతుంది.

ఇవి గదిలో కూర్చుని అల్లిన మాటలు కావు. 1906లో భార్య రైసాతో కలిసి జ్ఞానస్నానం పొందిన ఈ మనిషి, తాను దగ్గరగా మెలిగిన ‘ఆక్సియో ఫ్రాన్సేజ్’ అనే రాజకీయ ఉద్యమాన్ని 1926లో పోపు ఖండించాక దాన్ని వదిలి, మరుసటి ఏడే ఆత్మకు రాజకీయం మీద పెద్దరికం ఉందని పుస్తకం రాశారు. 1937లో స్పెయిన్‌లో ఫ్రాంకో చేస్తున్న యుద్ధాన్ని పవిత్రయుద్ధం అనడానికి ఒప్పుకోలేదు. సొంతవాళ్లే తిట్టారు. ఆ తిట్లు తిన్నవాడి పక్షమే నాది.

యునెస్కో మానవ హక్కుల మీద లోకంలోని ఆలోచనాపరుల అభిప్రాయాలు అడిగింది. హక్కులు కర్తవ్యం నుంచే పుడతాయని తల్లి దగ్గర నేర్చుకున్నానని గాంధీజీ 1947లో రాసి పంపారు. 1949లో ఆ సంపుటం వెలువడితే ముందుమాట మారిటేన్‌ది. హక్కుల జాబితా మీద అందరూ ఒక్కటయ్యారు, ఎందుకని అడగనంతవరకే ఆ ఐక్యత అన్న సంగతి అందులో ఆయన దాచలేదు. ఆచరణలో ఒప్పందం ఒకటి, దానికి పునాది మరొకటి. విడదీశారు కనుకే వేర్వేరు నమ్మకాలవాళ్లు ఒకచోట కూర్చోగలిగారు.

ఇవాళ ఆ చేతిపని ఏమైంది? ‘మానవ గౌరవం’ ప్రతి కరపత్రంలోనూ ఉంది. ఒక వర్గం స్వేచ్ఛను పట్టుకుని విశ్వాసాన్ని పారేస్తుంది. ఇంకో వర్గం విశ్వాసాన్ని కర్రలా పట్టుకుని స్వేచ్ఛ మీదికి వస్తుంది. రెండూ మారిటేన్ పేరే వాడుకుంటాయి! టీవీ చర్చల్లో ఎదుటివాడి వాదాన్ని వక్రించకుండా ఒక్కసారి తిరిగి చెప్పేవాడేడీ? తోమాసు మొదటి మెట్టే అది. పరీక్షల కోసం తోమాసు మీద అమ్మే గైడ్లు మరీ ఘోరం: ఆక్షేపణలు తీసేసి జవాబులే అచ్చువేస్తాయి. అది బియ్యం పారబోసి ఊక అమ్మడం.

అయ్యా, గురువులారా, మన సెమినరీల్లో లాటిన్, ఇంగ్లిషు ఎరిగినవారు మీరే. 1942లో హక్కుల మీద మారిటేన్ రాసిన పుస్తకం చాలా చిన్నది. తెలుగు చేయడం దానితో మొదలుపెట్టండి. ‘వ్యక్తి’ అన్న మాట దగ్గర కలం ఆగుతుంది. తొందరపడకండి, రెండో మాట దొరికేదాకా ఆగనివ్వండి.