చుక్క వెనక దాగిన ఫైళ్లు

యూనిక్స్ తొలినాళ్లలో ఫైళ్ల పేర్లు చూపే ఎల్‌ఎస్ ప్రోగ్రాం ప్రతిసారీ ఒంటి చుక్క, జంట చుక్కలు కూడా చూపించేది. మొదటిది మనం ఉన్న డైరెక్టరీకి గుర్తు, రెండోది దాని పై డైరెక్టరీకి. అవి కనబడకుండా చేయడానికి, పేరు చుక్కతో మొదలైతే వదిలేయమని ప్రోగ్రాంలో రాసేశారు. పేరు మొత్తం పోల్చి చూడాల్సిందని, ఇది ఎవరూ ఆలోచించి చేసిన ఏర్పాటు కాదని యూనిక్స్ బృందంలో పనిచేసిన రాబ్ పైక్ 2012లో రాశారు. ఆ సందు చూసుకుని చాలా ప్రోగ్రాములు తమ సెట్టింగులను చుక్క చాటున దాచుకున్నాయి. బాష్ షెల్‌కు .బాష్‌ఆర్‌సీ, విమ్ ఎడిటర్‌కు .విమ్‌ఆర్‌సీ, గిట్‌కు .గిట్‌కాన్ఫిగ్. వీటినే డాట్‌ఫైల్స్ అంటారు.

ఏళ్ల తరబడి వేలికి అలవాటైన షార్ట్‌కట్లు, పొడుగాటి కమాండ్లకు పెట్టుకున్న పొట్టి పేర్లు అన్నీ వీటిలోనే ఉంటాయి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఒక రకంగా, ఇంట్లో ఇంకో రకంగా ఉంటే చెయ్యి తడబడుతుంది. పెన్‌డ్రైవ్‌లో మోసుకెళ్తే ఏ కాపీ కొత్తదో గుర్తుండదు. అందుకే వీటిని, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టడం ఆనవాయితీ అయింది. కంప్యూటర్ల మధ్య పంచుకోవడం ఒక లాభమైతే, ఏ లైను ఎప్పుడు, ఎందుకు చేర్చామో చరిత్ర మిగలడం అంతకన్నా పెద్దదని నా లెక్క. నిన్నటిదాకా చకచకా తెరుచుకున్న షెల్ ఇవాళ నత్తనడక నడిస్తే, కారణం ఆ చరిత్రలోనే దొరకవచ్చు.

హోం డైరెక్టరీ మొత్తాన్ని గిట్‌కు అప్పగిస్తే ఫొటోలు, డౌన్‌లోడ్లు అన్నీ లెక్కలోకి వచ్చి చిరాకు. అక్కడే గ్నూ స్టో అనే చిన్న పనిముట్టు ఆదుకుంటుంది. హోంలో డాట్‌ఫైల్స్ అని ఒక ఫోల్డర్, అందులో బాష్, విమ్ అని విడివిడి ఫోల్డర్లు పెడతాం. అసలు ఫైళ్లు వాటిలో ఉంటాయి, గిట్‌కు అప్పగించేది ఈ డాట్‌ఫైల్స్ ఫోల్డర్‌నే. ఆ ఫోల్డర్‌లో నిలబడి ‘స్టో బాష్’ అని కొడితే, హోంలో .బాష్‌ఆర్‌సీ పేరుతో అసలు ఫైలుకు దారిచూపే ఒక సిమ్‌లింక్ తయారవుతుంది. షెల్ చదివేది లింకునే, మనం దిద్దేది గిట్‌లో ఉన్న అసలును. అదే పేరుతో ముందే మామూలు ఫైలు ఉంటే స్టో దాన్ని చెరపదు, గొడవ ఉందని చెప్పి ఆగిపోతుంది. ఈ మర్యాద వల్లే నాకది నచ్చింది. సిమ్‌లింకులు గిట్టనివాళ్లు, గిట్ డేటాను పక్కన పెట్టి హోంనే పని ఫోల్డర్‌గా చూసే బేర్ రిపోజిటరీ వాడతారు. పని జరుగుతుంది గానీ కొత్తవాళ్లకు అయోమయం.

అన్ని కంప్యూటర్లూ ఒకలా ఉండకపోవడమే అసలు చిక్కు. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే హోంబ్రూ ఇంటెల్ మ్యాక్‌లో ఒక చోట, ఆపిల్ చిప్ మ్యాక్‌లో మరో చోట కూర్చుంటుంది. ఆఫీసు పనికి ఒక ఈమెయిలు, సొంత పనికి మరొకటి. ఈమెయిలు సంగతి గిట్‌లోని ఇంక్లూడ్‌ఇఫ్ అనే సెట్టింగ్ చూసుకుంటుంది. తేడాలు మరీ ఎక్కువైతే షెమ్వా లాంటి పనిముట్టు టెంప్లేట్ నుంచి ఏ మెషీన్‌కు తగ్గ ఫైలు దానికి తయారుచేస్తుంది. రెండు ల్యాప్‌టాప్‌లకు అంత హంగామా దండగ.

ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేటు కీ, ఏపీఐ టోకెన్ మాత్రం గిట్ రిపోజిటరీ గడప తొక్కకూడదు. పొరపాటున చేరితే, ఫైలు తీసేసినా పాత కమిట్‌లో అలాగే ఉంటుంది. ఆ కీ రద్దుచేసి కొత్తది తీసుకోవాల్సిందే.

ఈ ఏర్పాటంతా పనిచేస్తుందో లేదో తేలాలంటే, పాత ల్యాప్‌టాప్ చెడిపోయేదాకా ఆగక్కర్లేదు. అదే మెషీన్‌లో కొత్త యూజర్ ఖాతా తెరిచి, రిపోజిటరీ దింపి, అదే పేర్లతో ముందే ఉన్న ఫైళ్లుంటే పక్కన పెట్టి, స్టో నడిపితే చాలు. గిట్‌లో చేర్చడం మరిచిన ఫైలేదో అక్కడే బయటపడుతుంది.