వంత పలికే నేర్పు

లింగాల ఘనపూర్ మండలంలోని మాణిక్యపురం ఒగ్గుకథకు పేరు తెచ్చిన చుక్క సత్తయ్య (1935–2017) ఊరు. ఒగ్గుకథ చూసేటప్పుడు అందరి కళ్లూ ప్రధాన కథకుడి మీదే ఉంటాయి. నా కళ్లు మాత్రం పక్కన వంత పలికేవాళ్ల మీదికి పోతాయి. కథకుడు ఆగినచోట అందుకుంటారు, కథను ముందుకు జరుపుతారు, కానీ దాన్ని తమ కథ చేసుకోరు. ఎల్లమ్మ కథలో తండ్రి మాట మీద కొడుకే తల్లి తల నరికే ఘట్టం వస్తుంది. అంత బరువు ఒక్క గొంతు మోసేది కాదు.

అయినవాళ్ల చేతుల్లోనే దెబ్బతిని పెద్దయినవాళ్లకు థెరపిస్టు చేసే పని నాకు ఈ వంత వల్లే అర్థమైంది.

అమెరికన్ సైకియాట్రిస్టు జూడిత్ హెర్మన్ 1992లో వెలువరించిన ‘ట్రామా అండ్ రికవరీ’లో ఈ పనికి మూడు దశలు చెప్పారు. ముందు భద్రత, తర్వాత జరిగింది తలుచుకుని ఏడవటం, ఆపైన మళ్లీ మనుషుల్లో కలవటం. పనితనమంతా ఆ వరసలోనే ఉంది. చేయి తిరిగిన థెరపిస్టు మొదటిరోజే గాయం మీద వేలు పెట్టరు. మన దగ్గర చాలామంది మనసు బాధను ‘పానం మంచిగుంటలేదు’ అనే చెబుతారు. ఆ మాటను దిద్దకుండా, నిద్ర పడుతోందా, ఆకలవుతోందా, ఇప్పుడు ఇంట్లో ఎవరి భయమైనా ఉందా అని ఒంటి నుంచే మొదలుపెడతారు.

కథ విప్పే రోజు వచ్చాక కూడా చెవి మాటల మీద, కన్ను మనిషి మీద ఉంటుంది. చేతులు బిగుసుకున్నా, ఊపిరి పైపైనే ఆడుతున్నా కథను అక్కడే ఆపుతారు. ‘కాళ్ల కింద నేల తెలుస్తోందా? ఈ గదిలో మీకేం కనిపిస్తున్నాయి?’ అని అడుగుతారు. పాత భయం మనిషిని అప్పటి ఇంటికి లాక్కుపోతుంటే, ఇప్పటి గదికి తెచ్చి కూర్చోబెట్టటమిది.

నన్ను అన్నిటికన్నా కదిలించేది, పొరపాటు జరిగినప్పుడు వాళ్లు చేసే పని. థెరపిస్టు ఏదో మాట అంటారు, అవతలి మనిషి ముడుచుకుపోతారు. ‘నా మాట మిమ్మల్ని నొప్పించిందనిపిస్తోంది, పొరపాటు నాదే’ అని థెరపిస్టే ముందు అంటారు. కోపం వస్తే దెబ్బలు, అలిగితే వారాల మౌనం చూస్తూ పెరిగిన మనిషికి ఇది కొత్త సంగతి. తగువు పడ్డాక కూడా బంధం తెగకపోవటం బహుశా అదే మొదటిసారి. మనుషుల వల్ల తగిలిన దెబ్బకు మందు కూడా మనిషి దగ్గరే దొరకటమంటే ఇదేనని నా నమ్మకం.

ఇంత నెమ్మదైన పని ఒక్క ఫోన్‌తో తీరదు. అయినా 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ అనే మానసిక సహాయ ఫోన్ సేవ నంబరు 14416కు ఊళ్లోంచే ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, మొదటి మాట అక్కడ చెప్పుకోవచ్చు.

చికిత్స ముగింపులోనూ ఆ శ్రద్ధే. చివరి రోజు ఎప్పుడో వారాల ముందే ఇద్దరూ కూర్చుని అనుకుంటారు. చెప్పకుండా వదిలిపోయినవాళ్లనే చూసిన మనిషి ఈసారి తేదీ తెలిసి, చెప్పదలుచుకున్నది చెప్పి, సెలవు తీసుకుంటారు.