సెలోపెహాదు కుమార్తెలు, 'స్త్రీల బైబిలు', ఓటు హక్కు: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

ఎలిజబెత్ కేడీ స్టాంటన్ సంపాదకత్వములో 'స్త్రీల బైబిలు' అను వ్యాఖ్యాన గ్రంథము అమెరికాలో రెండు భాగములుగా వెలువడినది. పంచకాండములపై మొదటి భాగము 1895లోను, మిగిలిన గ్రంథములపై రెండవ భాగము 1898లోను వచ్చినవి. స్త్రీవాద వేదాంతమును బోధించువారు దీనిని తొలి మెట్టుగా పేర్కొంటారు. మన సంఘ కాపరులలో అనేకులు పేరు విన్నంతనే, చదువకయే తిరస్కరిస్తారు. ఈ రెండు వైఖరులలో ఏదియు ఆ గ్రంథమునకు న్యాయము చేయదని మా అభిప్రాయము. ఎందుకనగా అది తరగతి గది కొరకు పుట్టిన గ్రంథము కాదు. ఓటు హక్కు పోరాటములో నుండి పుట్టినది. కాబట్టి దానిని ఆ పోరాటము కొలతతోనే కొలువవలెను. వాక్యమును చదువు ఏ విధానము స్త్రీకి పౌర హక్కును సంపాదించుటకు, సంపాదించినదానిని నిలుపుకొనుటకు తోడ్పడును? ఈ ప్రశ్నతో ఆ గ్రంథమును పరిశీలించి, సంఖ్యాకాండములోని ఒక వృత్తాంతము వెలుగులో మన దేశ అనుభవమును, మన సంఘముల స్థితిని చూచుట ఈ వ్యాసము ఉద్దేశము.

గ్రంథ నేపథ్యము

1848 జూలైలో న్యూయార్క్ రాష్ట్రములోని సెనెకా ఫాల్స్ అను ఊరిలో, వెస్లియన్ ప్రార్థనా మందిరములో, స్త్రీల హక్కుల మహాసభ జరిగినది. అక్కడ ఆమోదింపబడిన ప్రకటనపై 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు సంతకము చేశారు. ఆ సభ తీర్మానములలో ఏకగ్రీవము కానిది ఓటు హక్కు తీర్మానము ఒక్కటే. బానిసత్వము నుండి తప్పించుకొని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ లేచి సమర్థించిన తరువాతనే అది నెగ్గినది. సంఘములో స్త్రీని లోబడు స్థానములో ఉంచుటకు అపొస్తలుల అధికారమును అడ్డు పెట్టుకొంటున్నారను ఆరోపణ కూడ ఆ ప్రకటనలో ఉన్నది. అనగా ఓటు, వాక్య వ్యాఖ్యానము అను రెండు ప్రశ్నలు మొదటి నుండియు కలిసియే ఉన్నవి.

తరువాత దాదాపు అర్ధ శతాబ్దము స్టాంటన్ విజ్ఞాపనలతో, ఉపన్యాసములతో పోరాడారు. 1894లో న్యూయార్క్ రాజ్యాంగ సభకు సుమారు 6 లక్షల సంతకములతో విజ్ఞాపన వెళ్లినను, ఆ సభ స్త్రీల ఓటును నిరాకరించినది. మరుసటి సంవత్సరము, తన 80వ ఏట, ఆమె ఈ గ్రంథమును ప్రచురించారు. 1881, 1885లలో వెలువడిన ఆంగ్ల సవరణ అనువాదమునకు పనిచేసిన సంఘములలో ఒక్క స్త్రీ కూడ లేదన్న సంగతి కూడ గమనింపదగినది.

గ్రంథము యొక్క బలము

స్టాంటన్ రోగమును సరిగా గుర్తించారు. శాసనసభ మెట్ల మీద స్త్రీకి ఎదురైన వాదములలో అనేకము ప్రసంగ వేదికల మీద పుట్టినవే. ఆది. 3:16, 1 కొరింథీ. 14:34, 1 తిమోతి 2:12 అను మూడు వచనములు పట్టుకొని బోధకుడు చెప్పినది, వారము తిరుగకముందే శాసనసభ్యుని నోట వినబడేది. కాబట్టి చట్టము మారవలెనంటే వ్యాఖ్యానము మారవలెనని ఆమె గ్రహించారు. స్త్రీపురుషులు ఇరువురు దేవుని స్వరూపమందు సృజింపబడిరను ఆది. 1:27ను ఆమె తన వాదమునకు పునాదిగా తీసికొన్నారు. సెలోపెహాదు కుమార్తెల వృత్తాంతమును మెచ్చుకొని, మోషే ఆ కుమార్తెల విషయములో చేసినట్లు న్యూయార్క్ రాజ్యాంగ సభవారు కూడ దైవాలోచన అడిగియుంటే బాగుండేదని ఎత్తిపొడిచారు. వాక్యమును నడుస్తున్న కాలము ఎదుట నిలిపి చదువు ఈ ధైర్యము గ్రంథములోని శ్రేష్ఠమైన భాగము.

గ్రంథము యొక్క లోపములు

అయితే మూడు లోపములు కనబడుచున్నవి.

మొదటిది, వచనములను వాటి సందర్భము నుండి విడదీయుట. స్త్రీల ప్రస్తావన ఉన్న భాగములను మాత్రమే ఏరుకొని, ప్రతి భాగము క్రింద వ్యాఖ్య వ్రాయుట ఆమె పద్ధతి. ప్రత్యర్థులు చేసిన తప్పు కూడ ఇదే కదా! పౌలు వచనము ఒకటి విడదీసి స్త్రీని కూర్చుండబెట్టువానికిని, దానినే విడదీసి పౌలును కూర్చుండబెట్టువారికిని పద్ధతిలో భేదము లేదు.

రెండవది, లేఖనము స్త్రీకి శత్రువను ముగింపునకు ఆమె త్వరపడుట. ఆమెకు ముందే, మసాచుసెట్స్ కాంగ్రిగేషనల్ బోధకులు 1837లో స్త్రీల బహిరంగ ఉపన్యాసములను ఖండించుచు కాపరి లేఖ విడుదల చేసినప్పుడు, సారా గ్రిమ్కే 1838లో వెలువరించిన తన లేఖలలో వాక్యము లోపలి నుండియే వారికి జవాబు చెప్పారు. ఆది. 3:16 ఆజ్ఞ కాదు, పాపము వలన జరుగబోవు దానిని తెలిపిన ప్రవచనము మాత్రమే అని ఆమె వాదించారు. స్టాంటన్ ఈ త్రోవలో సాగలేదు. ఫలితము ఏమి? 1896 జనవరిలో, ఆమె స్వయముగా అధ్యక్షురాలిగా పనిచేసిన జాతీయ ఓటు హక్కు సంఘమే, తమకు ఆ గ్రంథముతో సంబంధము లేదని 53 - 41 ఓట్లతో తీర్మానించినది. సూసన్ బి. ఆంథొనీ ఆ తీర్మానమును గట్టిగా వ్యతిరేకించినను ఆపలేకపోయారు. తీర్మానించిన వారి పక్షమున ఒక మాట చెప్పవలెను. వారి ఉద్యమమునకు కాళ్లు చేతులు అయినవారు ప్రార్థనా మందిరములలోని స్త్రీలు. న్యూజిలాండులో 1893లో స్త్రీలకు ఓటు లభించినది కేట్ షెపర్డ్ నాయకత్వములో క్రైస్తవ స్త్రీల మద్యపాన నిరోధక సమాజము ఊరూరా తిరిగి సేకరించిన సంతకముల వలన. అట్టి స్త్రీల చేతిలోని గ్రంథమును లాగివేసి ఓటును ఇవ్వబోయిన యెడల వారు రెంటిని వదలి వెళ్లుదురు.

మూడవది మనకు మిక్కిలి ముఖ్యమైనది. 1869 ప్రాంతములో, నల్లజాతి పురుషులకు ఓటునిచ్చి స్త్రీలను విడిచిపెట్టిన 15వ సవరణను స్టాంటన్ వ్యతిరేకించారు. ఆ వాదములో నల్లజాతి వారిని, వలస వచ్చిన పేదలను కించపరచు మాటలు వాడారు. సెనెకా ఫాల్స్‌లో తన తీర్మానమును నిలబెట్టిన డగ్లస్‌కే ఎదురు నిలిచారు. 'స్త్రీ' అన్నప్పుడు ఆమె కన్నులకు ఏ స్త్రీ కనబడినది? తెలుగు సంఘములలో అధిక సంఖ్యాకులు మాల, మాదిగ కుటుంబముల నుండి వచ్చినవారు. మనము ఈ ప్రశ్న వేయకుండ ఈ గ్రంథమును మెచ్చుకొనరాదు.

సెలోపెహాదు కుమార్తెలు: మూడు ఘట్టములు

ఈ వృత్తాంతమును సంఖ్యా. 27వ అధ్యాయముతో ఆపివేయుట మన ప్రసంగములలో అలవాటు. దానిని మూడు ఘట్టములుగా చదువవలెనని మా మనవి.

మొదటి ఘట్టము (సంఖ్యా. 27:1-11). మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదుగురు ప్రత్యక్షపు గుడారము ద్వారమునొద్ద మోషే, ఎలియాజరు, ప్రధానులు, సర్వసమాజము ఎదుట నిలిచారు. వారు కన్నీటితో జాలి కోరలేదు. తండ్రి కోరహు తిరుగుబాటులో చేరలేదని సాక్ష్యము చూపి, అతని పేరు ఏల మాసిపోవలెనని ప్రశ్నించి, స్వాస్థ్యము అడిగారు. మోషే తనంతట తాను తీర్పు చెప్పక దేవుని యొద్దకు తీసికొనివెళ్లగా, వారి మాట న్యాయమని దేవుడే సెలవిచ్చాడు. అది ఇశ్రాయేలీయులందరికి కట్టడ అయినది.

రెండవ ఘట్టము (సంఖ్యా. 36:1-12). గిలాదు వంశ పెద్దలు వచ్చి, ఈ స్త్రీలు అన్య గోత్రములో పెండ్లి చేసికొంటే మన భూమి పోవునని మొఱపెట్టారు. ఆ మొఱ ఫలితముగా వారి వివాహము తండ్రి గోత్రమునకు పరిమితమైనది. ఈ అధ్యాయములో ఆ అయిదుగురు ఒక్క మాట కూడ మాట్లాడరు. వారు అక్కడ ఉన్నట్లు కూడ చెప్పబడలేదు. తీర్పు మాత్రము వారిని గూర్చినదే.

మూడవ ఘట్టము (యెహోషువ 17:3-6). భూమి పంచిపెట్టు దినము వచ్చినప్పుడు కుమార్తెలు మరల ఎలియాజరు, యెహోషువల యెదుటికి వచ్చి పూర్వపు ఆజ్ఞను జ్ఞాపకము చేశారు. అప్పుడు గాని భూమి చేతికి రాలేదు.

ఇందులో ఒక క్రమము ఉన్నది. అడిగితే చట్టము వచ్చినది. వారి స్వరము వినబడని సభలో ఆ చట్టము కుదింపబడినది. మరల నిలిచి అడిగితే అమలైనది. విజ్ఞాపన ఒక దినపు పని. సభలో స్థానము నిత్యమైన పని. ఓటు, ప్రాతినిధ్యము కావలసినది ఈ రెండవదాని కొరకే. స్టాంటన్ వాదమునకు లేఖనములో ఇంతకంటె బలమైన ఆధారము లేదని మేము తలంచుచున్నాము.

మన దేశ అనుభవము

మద్రాసు రాష్ట్ర శాసనమండలి 1921లో స్త్రీలకు ఓటు హక్కును అంగీకరించినది. అయితే ఆస్తి అర్హత వలన బహు కొద్దిమందికే అది అందినది. 1950లో రాజ్యాంగము కుల, లింగ, ఆస్తి భేదము లేక వయోజనులందరికి ఓటునిచ్చినది. అయినను 1951-52 తొలి సాధారణ ఎన్నికల జాబితాలు తయారగుచుండగా, ముఖ్యముగా ఉత్తరాదిన, అనేకమంది స్త్రీలు తమ పేరు చెప్పక, 'ఫలానా వారి భార్య', 'ఫలానా వారి కుమార్తె' అని మాత్రమే వ్రాయించారు. అట్టి సుమారు 28 లక్షల మంది పేర్లు జాబితా నుండి తొలగింపబడినవి. సెలోపెహాదు కుమార్తెల అయిదుగురి పేర్లను లేఖనము నాలుగు చోట్ల (సంఖ్యా. 26:33, 27:1, 36:11, యెహోషువ 17:3) ఎందుకు విడువక వ్రాసినదో ఇక్కడ బోధపడుచున్నది. పేరు లేనివారికి స్వాస్థ్యము లేదు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వెళ్లిన స్త్రీలు సారా దుకాణమును మూయించగా, 1992లో ఆ ఉద్యమము జిల్లా అంతట వ్యాపించినది. వేలము పాటలు ఆగినవి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. 1994 ఎన్నికలలో ఇది ప్రధాన వాగ్దానమై, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చినది. ఇది 27వ అధ్యాయము. 1997లో ఆదాయము చాలదను కారణముతో, దొంగ సారాయిని ఆపలేమను కారణముతో, అదే రాష్ట్రములో నిషేధము సడలింపబడినది. నిర్ణయము చేసిన సభలో ఆ గ్రామముల స్త్రీలు లేరు. ఇది 36వ అధ్యాయము.

73వ రాజ్యాంగ సవరణ (1993లో అమలు) పంచాయతీలలో మూడవ వంతు స్థానములు స్త్రీలకు ఇచ్చినది. తరువాత మన ప్రాంతములో అది సగమునకు పెంచబడినది. 2023లో 106వ సవరణ లోక్‌సభ, శాసనసభలలో మూడవ వంతును ప్రకటించినది. జనగణన, నియోజకవర్గముల పునర్విభజన జరిగిన మీదట అమలగునని ఆ సవరణలోనే వ్రాయబడినది. ఇక 'సర్పంచి భర్త' అను మాట మన గ్రామములలో అందరికి తెలిసినదే. కుర్చీ భార్యది, సంతకము భార్యది, మాట భర్తది. యెహోషువ 17 నెరవేరవలసి ఉన్నది.

దళిత క్రైస్తవ స్త్రీ విషయములో మరియొక చిక్కు ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులను షెడ్యూల్డు కులముల జాబితాకు వెలుపల ఉంచినది. షెడ్యూల్డు కుల స్త్రీకి కేటాయించిన స్థానములో నిలబడవలెనంటే ఆమె తన విశ్వాసమును కాగితము మీద దాచవలసి వచ్చినది. స్త్రీల హక్కు, కులము హక్కు వేరువేరు అని వాదించువారు ఈమెను ఎక్కడ నిలువబెట్టుదురు?

మన సంఘములు

సంఘము రాజకీయములలో కలుగజేసికొనరాదని, అధికారుల కొరకు ప్రార్థించుటయే మన పని అని 1 తిమోతి 2:1-2 చూపించుట కద్దు. పౌలు కాలములో చక్రవర్తిని ఎన్నుకొను వారు లేరు. ప్రార్థన తప్ప విశ్వాసికి మరియొక సాధనము లేదు. నేడు మన దేశములో అధికారమునకు మూలము ఓటరే. కాబట్టి ఓటు వేయుట అధికారములో జోక్యము కాదు. దేవుడు మన చేతికి ఇచ్చిన అధికార భాగమునకు లెక్క అప్పగించుట. అదే అధ్యాయములోని 12వ వచనమును స్త్రీల మౌనమునకు పట్టుకొనుచు, మొదటి వచనములను అందరి మౌనమునకు పట్టుకొనుట రెట్టింపు అన్యాయము.

మౌనమునకు మూల్యము ఎవరు చెల్లించిరి? 1869 నాటి భారత విడాకుల చట్టము క్రింద క్రైస్తవ భర్త వ్యభిచారము ఒక్కటి నిరూపిస్తే చాలును. భార్య మాత్రము వ్యభిచారముతోపాటు క్రూరత్వమో, విడిచిపెట్టుటయో వంటి మరియొక నేరమును కూడ నిరూపించవలసి ఉండేది. ఈ భేదము 2001లో గాని తొలగలేదు. 132 సంవత్సరములు! అంత కాలము మన ఆలయములలో ముందు వరుసలు నింపినది స్త్రీలే.

సంఘము లోపల కూడ ఇదే పరీక్ష. 2013లో దక్షిణ ఇండియా సంఘము తన తొలి మహిళా బిషప్పుగా ఈ. పుష్పలలితగారిని నంద్యాల అధ్యక్ష మండలమునకు అభిషేకించినది. దానికై దేవుని స్తుతింతుము. అయితే ఒక్క అభిషేకమును చూపి, స్థానిక సంఘ కమిటీలలో స్త్రీల కొరత మాటను మూసివేయుట 27వ అధ్యాయముతో ప్రసంగము ముగించుట వంటిదే.

ముగింపు

స్టాంటన్ అడిగిన ప్రశ్న సరియైనది. ఆమె జవాబు చాలదు. లేఖనమును ప్రక్కన పెట్టి స్త్రీకి హక్కు సంపాదించుట మన సంఘములలో సాగదు; లేఖనమును అడ్డుపెట్టి ఆమె హక్కును ఆపుట దేవుని యెదుట నిలువదు. కావున కాపరులకు, వేదాంత విద్యార్థులకు నాలుగు సంగతులు మనవి చేయుచున్నాము. సంఘ సభ్యత్వ రిజిస్టరులో ప్రతి స్త్రీ పేరును 'వారి భార్య' అని గాక ఆమె స్వంత పేరుతో వ్రాయవలెను. ఓటర్ల జాబితా సవరణ కాలములో స్త్రీల సమాజము ఇంటింటికి వెళ్లి పేర్లు సరిచూడవలెను; ఎవరికి ఓటు వేయవలెనో మాత్రము వేదిక మీద నుండి చెప్పరాదు. పంచాయతీకి ఎన్నికైన మన సంఘ స్త్రీలు సభలో తామే మాట్లాడునట్లు వారి భర్తలతో కూడ కాపరి మాట్లాడవలెను. సంఖ్యా. 27 ప్రసంగించిన బోధకుడు తరువాతి ఆదివారమున 36వ అధ్యాయమును, ఆ పై ఆదివారమున యెహోషువ 17ను ప్రసంగించవలెను. మూడు ఆదివారములు చాలును. విన్న స్త్రీలు మిగిలిన ప్రశ్నలు తామే అడుగుదురు. ఆ ప్రశ్నలకు మోషేవలె మనము కూడ దేవుని యొద్ద నుండి జవాబు తేవలసి ఉన్నది.