మొదటి అడుగు వేయించే విద్య

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు వెళితే తెలుగు చెవిన పడుతుంది. మగ్గాల పని మీద తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అక్కడ ఎన్నో. నగరపాలక సంస్థ వాళ్ల పిల్లల కోసం తెలుగు బడులూ నడుపుతోంది. మా చిన్నాయన అక్కడే పవర్‌లూమ్‌ల మధ్య ముప్పయ్యేళ్లు నిలబడి పనిచేశాడు. పార్కిన్సన్స్ వచ్చాక గడప దగ్గర ఆగిపోయేవాడు. కాళ్లలో బలముంది, పోవాలన్న మనసూ ఉంది. పాదాలే నేలకు అతుక్కుపోయేవి. మేం చెయ్యి పట్టి లాగేవాళ్లం. అలా లాగితే మనిషి ముందుకు తూలి పడతాడని మాకు అప్పుడు తెలియదు.

ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి వచ్చి ముందు ఆ లాగడం మాన్పించింది. నేల మీద రంగు టేపు ముక్కలు అడ్డంగా, అడుగుకొకటి చొప్పున అతికించింది. “నడవాలని అనుకోకండి కాకా, ఆ గీత దాటండి చాలు” అంది. దాటాడు. తర్వాతి గీతా దాటాడు. మా చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇదేం గారడీ కాదు. కుడికాలు ఎత్తబోయే ముందు మన ఒళ్లు ఒక్క క్షణం ఆ కాలితోనే నేలను నొక్కుతుంది. ఆ తోపుతో బరువు ఎడమ కాలి మీదికి మళ్లుతుంది. కుడికాలు తేలికై లేస్తుంది. మనకు తెలియకుండానే జరిగిపోయే ఈ సన్నాహం పార్కిన్సన్స్‌లో కుంచించుకుపోతుంది. బరువు మారని కాలు లేవదు. అందుకే మంచి థెరపిస్టు అడుగు కంటే ముందు ఊగడం నేర్పుతుంది. ఆగు, నిటారుగా నిలబడు, పక్కకు ఊగు, అప్పుడు పెద్ద అడుగు వెయ్యి. మలుపు దగ్గర గిర్రున తిరగనివ్వదు, అర్ధచంద్రంలా చుట్టి రమ్మంటుంది. మందు బాగా పనిచేస్తున్న వేళ చూసి సాధన చేయిస్తుంది.

1817లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును వర్ణించాడు. గీతల మహిమను పర్డన్ మార్టిన్ 1967లో తన పుస్తకంలో చెప్పాడు. లోపలి నుంచి పుట్టని ఆజ్ఞ కంటి దారిన, చెవి దారిన వస్తే కాలు వింటుంది! 1996లో మైకేల్ థౌట్ బృందం తాళానికి నడిపించి నడక వేగం పెంచింది. 2010లో నెదర్లాండ్స్‌కు చెందిన బ్లూమ్ బృందం చూపిన రోగి సంగతి మరీ అద్భుతం. నాలుగడుగులు వేయలేని మనిషి సైకిలెక్కి హాయిగా తొక్కుకుపోయాడు.

తాళం అంటే ఏదో ఒక వేగం కాదు. అడుగులు ముడుచుకుపోయి పరుగులా మారే మనిషికి వేగం ఎక్కువ పెడితే కాళ్లు మళ్లీ బిగుసుకుంటాయి. మనిషిని చూసి వేగాన్ని సరిచేయడంలోనే ఉంది పనితనమంతా. నవరాత్రుల్లో గర్బా చప్పట్లకు వీధివీధి అడుగు కలిపే సూరత్‌కు లయ ఎవరు నేర్పాలి?

ఇంత విద్యను ఏం చేస్తున్నారో చూస్తే కడుపు మండుతుంది. మా చిన్నాయనను మొదట తీసుకెళ్లిన చోట పది నిమిషాలు వేడి కాపడం, పది నిమిషాలు కరెంటు పెట్టి, జిరాక్సు కాగితం చేతిలో పెట్టి పంపేశారు. ఆయన నిలబడగా ఒక్కసారైనా చూడలేదు. కరెంటు పెడితే కాలికి బరువు మార్చడం వస్తుందా? మిషన్ల పక్షం వాళ్లు నన్ను ఛాందసుడన్నా సరే, రోగి పక్కన నిలబడి లెక్కపెట్టే మనిషికి సాటి వచ్చే యంత్రాన్ని నేను చూడలేదు.

నాలుగు రోజులు చేయించి వదిలేసినా లాభం లేదు. 2007లో వెలువడిన ఒక ఐరోపా పరిశోధనలో 153 మందికి వాళ్ల ఇళ్లలోనే మూడు వారాలు సంకేతాలతో నడక నేర్పారు. నడక మెరుగైంది. శిక్షణ ఆగిన ఆరు వారాలకు ఆ మెరుగు చాలావరకు తగ్గిపోయింది.

సూరత్‌లో సార్వజనిక్ ఫిజియోథెరపీ కాలేజీ వంటి చోట్ల చదివే పిల్లలకు నా మనవి ఒక్కటే. మిషన్ స్విచ్చు కంటే ముందు ఈ విద్య పట్టుకోండి. తెలుగు సంఘాల పెద్దలారా, ఏడాదికోసారి ప్రపంచ పార్కిన్సన్స్ దినమని ఏప్రిల్ 11న సభ పెట్టి శాలువాలు కప్పడం కాదు, వారానికి రెండు పూటలు ఒక గది, ఒక థెరపిస్టు ఏర్పాటు చేయండి. ఇంట్లో రోగి ఉన్నవాళ్లు ఏ కేంద్రంలో చేరినా ముందు “మొదటి అడుగు ఎలా వేయిస్తారు?” అని అడగండి. కరెంటు పెడతామని మాత్రమే చెబితే లేచి వచ్చేయండి.