దీవికి దారిఖర్చు

మా మేనకోడలికి పెళ్లయి ఆరు నెలలైంది. మొన్న దసరాకు నల్లగొండ వచ్చినప్పుడు నా ముందొక కాగితం పెట్టి, "అత్తా, నువ్వు నవలలు రాస్తవు గద, ఇది చూసి తప్పులుంటే చెప్పు" అంది. కథో కవితో అనుకుని, కళ్లజోడు వెతుక్కుని మరీ చదివితే అది అండమాన్ ప్రయాణపు లెక్క! తక్కువ ఖర్చుతో దీవులు చూసి రావడం ఎట్లా అని చెప్పే చిట్కాలను నాలుగైదు చోట్ల నుంచి ఏరి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చింది పిల్ల.

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే నవ్వాల్సిన విషయం కాదనిపించింది. ఈ చిట్కాల రచన కూడా ఒక సాహిత్య ప్రక్రియే కదా! నిజం చెప్పొద్దూ, మా నవలలకన్నా దీన్ని చదివేవాళ్లే ఎక్కువ. కవిత్వం మీద, కథ మీద విమర్శలు రాసే పెద్దలెవరూ దీని జోలికి రారు. పోనీ, ఆ పని నేనే చేస్తాను.

ముందు మంచి చెప్పుకుందాం. ఈ రచనల్లో పనికొచ్చే సంగతులు లేకపోలేదు. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి అండమాన్‌కు ఓడలున్నాయనీ, అందులో బంకు టిక్కెట్టు విమానం టిక్కెట్టు కన్నా బాగా చవకనీ చెబుతాయి. దీవి నుంచి దీవికి పోవడానికి ప్రైవేటు ఓడ ఎక్కేకన్నా ప్రభుత్వ ఫెర్రీ ఎక్కితే డబ్బు మిగులుతుందనీ చెబుతాయి. లక్షద్వీపాలకైతే ముందే అనుమతి తీసుకోవాలి, అండమాన్‌కు మనబోటి వాళ్లకు ఆ బాధ లేదు, గిరిజనుల రక్షిత ప్రాంతాలకు మాత్రం పోకూడదు అని హెచ్చరిస్తాయి. అన్నీ నిజాలే. కాదనను.

కానీ సగం నిజాలు. ఓడ సంగతే తీసుకోండి. పోను దాదాపు మూడు రోజులు, రాను మూడు రోజులు. మా పిల్ల మొగుడికి దొరికే సెలవు ఎనిమిది రోజులు. ఆరు రోజులు నీళ్ల మీదే గడిస్తే దీవిలో మిగిలేది రెండు రోజులు. పైగా విశాఖ ఓడ మన ఆర్టీసీ బస్సులాగా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఉండేది కాదు. దాని తేదీకి మన సెలవు సర్దుకోవాలి గాని, మన సెలవుకు అది సర్దుకోదు. రూపాయలు మిగిలాయి, రోజులు ఖర్చయ్యాయి. జీతగాడికి ఈ రెండింట్లో ఏది కరువో ఆ రాసినవాళ్లకు తెలియదా?

రెండోది, "సీజన్ కాని రోజుల్లో పోతే లాడ్జి అద్దెలు సగానికి సగం తగ్గుతాయి" అనే చిట్కా. అవును, తగ్గుతాయి. ఎందుకు తగ్గుతాయో ఆ వాక్యం పక్కన రాయాలా వద్దా? మే నెల సగమయ్యేసరికి నైరుతి రుతుపవనాలు అక్కడికి వచ్చేస్తాయి. సముద్రం పోటెత్తితే ఫెర్రీలు ఆపేస్తారు. చవక గదిలో కూర్చుని కిటికీలోంచి వాన చూడటానికయితే మా దేవరకొండ చాలదా? వానే పడితే మేం ఇక్కడే పండగ చేసుకుంటాం.

మూడోది చదివినప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది. "వంటగది ఉన్న బస తీసుకుంటే తిండి ఖర్చు కలిసొస్తుంది" అట! ఎవరికి కలిసొస్తుందండీ? ఇంట్లో పన్నెండు నెలలూ వండే మనిషి పదమూడో నెలగా దీవికి పోయి, సముద్రం వైపు వీపు పెట్టి కూర తాలింపు వేస్తుంటే, దాన్ని విహారం అని ఎవరంటారు? ఈ రాతల్లో ఒక "మీరు" ఉంటారు. "మీరు ముందే బుక్ చేసుకోండి, మీరు తేలికగా సామాను సర్దుకోండి" అంటారు. ఆ మీరుకు అత్తగారు లేదు, చంటిపిల్ల లేదు, మోకాళ్ల నొప్పి లేదు, సెలవివ్వని ఆఫీసరు లేడు. కథలో పాత్రను ఇంత పలచగా గీస్తే సంపాదకులు తిప్పి పంపేస్తారు.

పదేళ్ల కిందట మేము పన్నెండుమందిమి కలిసి ఒక సముద్రతీరానికి పోయాం. ఊరు పేరు ఎందుకులెండి. హోటలు ఖర్చు తగ్గించాలని ముందు రాత్రంతా మేల్కొని జొన్నరొట్టెలు చేసి, పులిహోర కలిపి, సకినాల డబ్బా సర్ది సద్ది కట్టాను. తీరా చేరాక అందరూ అలల్లో ఆడుతుంటే నేను కాకుల నుంచి మూటను కాపాడుకుంటూ కూర్చున్నాను. ఫోటోలన్నింట్లో అందరూ ఉన్నారు, నేను తప్ప.

అంతమాత్రాన తప్పంతా చిట్కాలు రాసేవాళ్ల మీదకు తోసేయలేను. మా నవలా రచయిత్రులం తక్కువ తిన్నామా? పెళ్లయిన మర్నాడే నాయికానాయకులను ఊటీకో కాశ్మీరుకో పంపిస్తాం. సూట్‌కేసు దానంతటదే సర్దుకుంటుంది. రైలు టిక్కెట్లు గాలిలోంచి వస్తాయి. నాయిక చీర అంచు తడవకుండా అలల్లో నడుస్తుంది. అవి చదివి పెరిగిన పిల్లలు దారిఖర్చు లెక్కల కోసం ఇంకెక్కడికో పోక ఏం చేస్తారు? నా మొదటి రెండు నవలల్లోనూ ఈ పాపం ఉంది, ఒప్పుకుంటున్నాను.

మరి దారిలెక్కలు సరిగా రాసినవాళ్లు తెలుగులో లేరా అంటే, భేషుగ్గా ఉన్నారు. చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుబాసీగా చేసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. దారి పొడుగునా చూసినవి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారికి రాస్తూ వచ్చారు. అదే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. ఆయన మన పాలమూరు సీమలోంచే పోయారు. కృష్ణ దాటి, వనపర్తి, జడచర్ల మీదుగా హైదరాబాదు చేరారు. మజిలీ మజిలీకీ దిగడానికి చోటుందా, మంచినీళ్లున్నాయా, అంగళ్లలో సరుకులు దొరుకుతాయా, దారి ఎట్లాంటిది అని రాసుకుంటూ పోయారు. వెంట వందమందికి పైగా పరివారం ఉంది కాబట్టి ఆయనది చవక ప్రయాణం అనలేం. కాని వెనక వచ్చేవాడి గొంతు ఎక్కడ ఎండుతుందో ఆయనకు తెలుసు. అదే యాత్రా రచనకు ప్రాణం. అలంకారాలు లేకపోయినా ఫర్వాలేదు, బావి ఎక్కడుందో చెప్పాలి.

ఇంకో లోపం కూడా చెప్పి తీరాలి. ఈ చిట్కాల్లో దీవులుంటాయి గాని దీవుల్లో మనుషులుండరు. ఒకప్పుడు మన భాషలో ద్వీపాంతరం అంటే విహారం కాదు, శిక్ష. పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు 1906లో పూర్తయింది. కాకినాడ బాంబు కేసు ముద్దాయి ప్రతివాది భయంకరాచారి గారు అందులో శిక్ష అనుభవించారు. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఈనాడు అక్కడ బజారులో తెలుగు వినబడుతుంది, బతకపోయి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. 2004 డిసెంబరు 26 సునామీ ఆ దీవులను ఎంత ఏడిపించిందో మనకు గుర్తే. ఇవేవీ లేకుండా నీలం నీళ్లు, తెల్ల ఇసుక అని రాస్తే అది క్యాలెండరు బొమ్మ అవుతుంది గాని రచన కాదు.

అంతదూరం ఎందుకు, గద్వాల దగ్గర కృష్ణలో గుర్రంగడ్డ ఉంది. చుట్టూ నది, మధ్యలో ఊరు. పుట్టిలోనో పడవలోనో ఏరు దాటితేనే బయటి లోకం. మనం సరదాకు ఎక్కే పడవ, అక్కడ పురిటి నొప్పులొచ్చిన మనిషికి ఆస్పత్రి దారి. పడవ అంటే గుర్తొచ్చింది. 2007 జనవరిలో సింగోటం జాతరకు వస్తున్నవాళ్ల పడవ కృష్ణలో మునిగి ఎంతమంది పోయారో పాలమూరు మరచిపోలేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగింది విహారయాత్ర పడవే. నేను చూసిన చిట్కాల్లో ఒక్కదానిలోనైనా, "లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే పడవ ఎక్కకండి, ఇచ్చిన డబ్బు పోయినా దిగి రండి" అని లేదు. అన్నిటికన్నా ముందు రాయాల్సిన చిట్కా అది కాదూ?

మనకు దగ్గర్లోనే చవక దీవి ఒకటుంది, నాగార్జునకొండ. 1955లో సాగర్‌కు పునాది పడ్డాక లోయంతా మునుగుతుందని తెలిసి, తవ్వి తీసిన ఇక్ష్వాకుల నాటి శిథిలాల్లో కొన్నింటిని కొండ మీదికి చేర్చారు. నీళ్లు నిండాక కొండ దీవి అయింది. పాలమూరు కూలీలు రాళ్లు మోస్తే నిలిచిన నీళ్లవి. సింహళ భిక్షువుల కోసం బోధిసిరి అనే ఉపాసిక అక్కడ చైత్యగృహం కట్టించినట్టు శాసనం ఉంది. దీవి నుంచి భిక్షువులు వచ్చిన చోటే చివరికి దీవిగా మారిందన్నమాట! బీ.ఏ.లో చరిత్ర చదివేటప్పుడు ఈ సంగతి నాకు భలే నచ్చింది.

మా అమ్మకు సముద్రం చూడాలని ఉండేది. మర్రిగూడ దగ్గరి పల్లె మాది. "అవతలి ఒడ్డు కనబడనన్ని నీళ్లు ఎట్లుంటయో ఒక్కపారి చూడాలె" అనేది. ప్రతి ఏడూ లెక్క వేసేవాళ్లం. ఒక ఏడు బోరు, ఒక ఏడు నా పెళ్లి అప్పు, ఒక ఏడు తమ్ముడి ఫీజు. డబ్బు కూడేసరికి ఆ బోరునీళ్ల ఫ్లోరైడు అమ్మ మోకాళ్లను, వెన్నును బిగించేసింది. రైల్లో అంతదూరం కూర్చోలేదు. చివరికి 2011 సంక్రాంతి సెలవుల్లో కారు మాట్లాడుకుని సాగర్ తీసుకుపోయాం. పడవవాళ్లు ఇద్దరు కుర్చీతో సహా ఎత్తి పడవలో కూర్చోబెట్టారు. దారి పొడుగునా అమ్మ మాట్లాడలేదు. కొండ దగ్గరపడుతుండగా నా వైపు తిరిగి, "గిన్ని నీళ్లు ఈడనే ఉండంగ, మనూరికి ఎందుకు రాకపాయెనే?" అంది.

నేను జవాబు చెప్పలేదు. అమ్మ 2015లో పోయింది. మా ఊరి నల్లాల్లో కృష్ణ నీళ్లు వచ్చింది ఆ తర్వాత.

అందుకే చిట్కాల మీద నా అసలు ఫిర్యాదు ఇది. "ఎప్పుడు పోవాలి?" అనే ప్రశ్నకు అందరూ నెల పేరు చెబుతారు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుందంటారు. బాగానే ఉంటుంది. కాని మోకాళ్లకు కూడా ఒక సీజన్ ఉంటుందనీ, అది దాటితే ఏ ఆఫ్ సీజన్ తగ్గింపూ పనికిరాదనీ ఎవరూ రాయరు.

మా పిల్ల కాగితం మీద ఎర్రసిరాతో నేను చేసిన దిద్దుబాట్లు ఇవి: రూపాయలకన్నా ముందు సెలవు రోజులు లెక్కపెట్టు. ఫెర్రీ ఆగిపోతే ఉండటానికి ఒక రోజు, దానికి సరిపడా డబ్బు విడిగా ఉంచు. వంటగది ఉన్న గది వద్దు, చిన్న హోటల్లో తినండి. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కొద్దు. ఆమె రాసుకున్న చిట్కాల్లో చివరిది, "పెద్దవాళ్లు లేకుండా పోతే ఖర్చు తగ్గుతుంది" అనేది మాత్రం దిద్దకుండా వదిలేసి, నాయనమ్మ సంగతి చెప్పాను. ఆమె పోయేనాటికి ఇది చిన్నపిల్ల, దీనికేం తెలుసు?

పిల్ల కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. లోపల వంటింట్లోంచి మా వదినె, అంటే దాని తల్లి, అన్నీ వింటున్నట్టుంది. పుట్టిల్లు నారాయణపేట, మెట్టినిల్లు నల్లగొండ. యాభై రెండేళ్లొచ్చినా ఈ రెండు జిల్లాలు దాటి పెద్దగా చూసింది లేదు. గంటె చేత్తో పట్టుకుని గుమ్మం దాకా వచ్చి అడిగింది: "అవునే, సముద్రం నీళ్లు నిజంగనే అంత ఉప్పగుంటయా?"

పిల్ల ఆ చివరి చిట్కాను కొట్టేసి, కింద మూడో టిక్కెట్టు రాసింది. లెక్క పెరిగింది. అండమాన్ కాస్తా విశాఖపట్నం అయింది. చవకలో చవక అదే అని నేను కూడా సంతకం పెట్టాను.