గడ్డిమందు కొట్టిన గట్టు

మొన్న నరసరావుపేట నుంచి చిలకలూరిపేట వస్తుంటే దారి పక్క పత్తిచేల గట్లు ఎర్రగా మాడిపోయి కనిపించాయి. గడ్డిమందు. ట్యాంకు వీపున తగిలించుకున్న కుర్రాణ్ణి ఎందుకని అడిగితే, “కూలోళ్లు దొరకట్లేదు బాబాయ్, రెండు ట్యాంకులు కొడితే అయిపోద్ది” అన్నాడు. గట్ల మీద నా చాదస్తం ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు.

మన నల్లరేగడి వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. వానకి ఆ నెర్రెల్లో నీళ్లు దిగి, మట్టి ఉబ్బి మెత్తబడి, గట్టు పెళ్లగా జారుతుంది. నొక్కితే ఓర్చుకునే మట్టి లాగితే ఓర్చుకోదు. లాగుడికి ఆగేది వేరు. శ్లాబులో ఇనపచువ్వ చేసే పనే గట్టులో గరికవేరు చేస్తుంది. చెట్లు నరికాక కొండవాలు ఎందుకు జారుతుందో అలాస్కాలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ దీవిలో టియెన్ వూ బృందం 1979లో లెక్కగట్టింది. చచ్చిన వేరు వెంటనే పట్టు వదలదు, కుళ్లేకొద్దీ వదులుతుంది. మందు కొట్టిన వారానికి గట్టుకేమీ కాదు గనకే మనవాళ్లకి భయం లేదు.

మా చిన్నప్పుడు గట్టు మీద నడిచింది కొడవలే. సాయంత్రానికి అమ్మమ్మ గోతాం పట్టుకుని గట్లెమ్మట బయల్దేరేది. ఎవరి గట్టు గడ్డి ఎవరు కోశారని తగువులు, మాటల్లేకపోవడాలు, చివరికి రామాలయం దగ్గర పంచాయితీ. కోసేవాళ్లే గానీ పీకేవాళ్లు లేరు, రేపు గేదెకేం వేస్తారు? కోసేకొద్దీ గరిక నేలబారుగా పాకి, కణుపు కణుపునా వేళ్లు దించేది. గట్టును కాపాడుతున్నామని అమ్మమ్మ ఏనాడూ అనుకోలేదు. ఇప్పుడు అమ్మమ్మ వాళ్ల వీధికి పొద్దున్నే పాలప్యాకెట్లు వస్తాయి.

సాగర్ కుడికాల్వకి 1967లో నీళ్లొదిలాక ఈ రేగడిలో కట్టలకేం కొదవ? కట్ట మీద తుమ్మచెట్లు కొట్టేస్తున్నారు, నాలుగు అంటించమని పాఠకులు అడుగుతుంటారు. చెట్టు కొడితే ఊరుకోనివాణ్ణే, ఇందులో మాత్రం మీ పక్షం కాను. మట్టికట్ట మీది పెద్దచెట్టు తుపాను గాలికి ఊగి ఊగి పడిందంటే, వేళ్లతో పాటు కట్టనూ పెకలిస్తుంది. ఎండి చచ్చిందా, వేరు కుళ్లిన బొరియలో నీళ్లు దారి చేసుకుంటాయి. కొట్టి, మొద్దు తవ్వి, గోతిని పూడ్చి దిమ్మిస కొట్టాల్సిందే. గడ్డిని మాత్రం చెక్కేయకూడదు.

వట్టివేరు నాటమని రాద్దామనుకున్నాను. వేరు 3 మీటర్లు దిగుతుంది. 1980లలో ప్రపంచ బ్యాంకు దాన్ని మన దేశంలో బాగా ప్రచారం చేసింది. అంతకు చాలా ముందే కర్ణాటకలో గుండ్లుపేట వైపు రైతులు చేల హద్దుల్లో వేసుకున్నారు. లేత ఆకు కోసి పశువులకీ వేసేవారు. అక్కడా మళ్లీ పశువే!

కాల్వకట్టల గడ్డి కోసుకునే హక్కు గేదెలున్నవాళ్లకి ఊరికే ఇచ్చేస్తే సరి. పొలం గట్టుకి ఆ ఉపాయం పారదు. కౌలుకి మిర్చి వేసి, పురుగుమందుల కొట్లో బాకీ పడ్డవాడు గట్టు కోసం గేదెను కొనడు.