ముందుమాట: పట్టా మీది సంవత్సరం

1960 ఏప్రిల్ 1న మా ఊరు మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్రలోకి వచ్చింది. మేమెవరం మూటాముల్లె కట్టుకోలేదు. ఊరే జిల్లా మారింది. పటాస్కర్ తీర్పుతో తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు వైపు పల్లెలు చిత్తూరు జిల్లాలో కలిశాయి. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. పిల్లకాయలకు అర్థమైందల్లా ముఖ్యమంత్రి ఇక కామరాజు కాదు, సంజీవయ్య అని. "ఆయన కూడా మన మాదిరి కూలోళ్ళ బిడ్డేనంట" అనింది మా అవ్వ. ఒక పేదింటి బిడ్డ ఏలుబడిలోంచి ఇంకో పేదింటి బిడ్డ ఏలుబడిలోకి వచ్చామని నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ దామోదరం సంజీవయ్య మీద పుస్తకం రాసి, నాలుగు మాటలు కావాలంటూ నా పాత విద్యార్థి ఒకడు తిరుపతిలో మా ఇంటికొచ్చాడు. రెండు రాత్రుల్లో చదివేశాను.

సంజీవయ్య గురించి మనవాళ్ళు చెప్పుకునేవి రెండే సంగతులు. కొడుకు ముఖ్యమంత్రి అయినా తల్లి పెద్దపాడులో కట్టెలపొయ్యి మీదే వండుకునేదని ఒకటి. పోయేనాటికి ఆయన వెనకేసుకున్నదేమీ లేదని ఇంకొకటి. కాదనను. కానీ పేదరికాన్ని పొగడడంలో ఒక సుఖముంది: ఆ మనిషి ఏం పని చేశాడని అడగనక్కర్లేదు. మావాడు అడిగాడు. ఈ పుస్తకం విలువ అక్కడుంది.

1921లో కర్నూలు దగ్గర పుట్టి, ఊహ తెలియకముందే తండ్రిని పోగొట్టుకుని, అనంతపురంలో బి.ఏ., మద్రాసులో లా చదివిన మనిషి. 1952లో రాజాజీ మంత్రివర్గంలో మంత్రి. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయ్యేనాటికి ముప్ఫై తొమ్మిదేళ్ళు నిండలేదు. కుర్చీలో ఉన్నది రెండేళ్ళ రెండు నెలలు. నన్ను ఆపి చదివించింది మాత్రం బళ్ళారిలో ఆయన చేసిన రేషనింగ్ ఉద్యోగం. గింజ ఎక్కడ జారుతుందో, కాగితం ఏ బల్ల దగ్గర ఆగుతుందో కళ్ళారా చూసినవాడు కాబట్టే 1961లో అవినీతి నిరోధక శాఖ పెట్టాడని రచయిత వాదన. రుజువు చేయడం కష్టం. నేను మాత్రం ఒప్పుకుంటాను.

ముసలివాళ్ళ పింఛను, భూమిలేని వాళ్ళకు బంజరు పంపకం కూడా ఆ కాలానివే. మా వైపు వాటిని డీకేటీ భూములంటారు. గుట్ట కింద రాళ్ళచెలక ఒకటి మా తాతకు వచ్చింది. ఆ పట్టా ఇప్పటికీ మా ఇంట్లో ట్రంకుపెట్టెలో, అవ్వ పెళ్ళిచీర మడతలో ఉంది. మడిచిన చోటల్లా చిరిగి నాలుగు ముక్కలైంది. కింద తాత వేలిముద్ర, దాని పక్కన 1961. అమ్ముకోకూడదన్న షరతు చూసి ఆయన నవ్వాడట: "ఈ రాళ్ళను కొనేదెవురు?" మూడేళ్ళు రాళ్ళు ఏరి గట్టేసి చెనిక్కాయ వేశారు. నా బడి జీతం, పుస్తకాలు ఆ చెనిక్కాయలవే.

ఒక లోటు చెప్పకపోతే ఇది ముందుమాట కాదు. ఢిల్లీ రోజుల్ని మావాడు పరుగున దాటేశాడు. 1962లో కాంగ్రెస్ అధ్యక్షుడు కావడానికి పేజీలు ఇచ్చి, కేంద్ర కార్మిక మంత్రిగా ఉండగా 1965లో వచ్చిన బోనస్ చట్టానికి పేరా కూడా ఇవ్వలేదు. ఏడాది జీతంలో నాలుగు శాతమో, నలభై రూపాయలో, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలన్నారు. నష్టం వచ్చిందన్నా యజమాని తప్పించుకోలేడు. పండగ ముందు ఆ నలభై రూపాయలు కూలివాడి ఇంట్లో ఏం చేశాయో మలిముద్రణలో రాయాలి. మా సరిహద్దు మార్పుకూ రెండు వాక్యాలే దక్కాయి. చట్టం ఆయన రాకముందే 1959లో అయిపోయిందన్నది నిజమే కానీ, కొత్తగా వచ్చి చేరిన ఊళ్ళను సంబాళించుకోవలసి వచ్చింది ఆయన ప్రభుత్వమే కదా.

1972 మేలో, యాభై ఒక్క ఏళ్ళకే పోయాడు. ఇప్పుడు విశాఖలో లా యూనివర్సిటీకి ఆయన పేరుంది, హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పార్కుకూ ఉంది.

పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లోనూ అలాంటి పాత డీకేటీ పట్టా ఉంటే, ఈ పుస్తకం మొదలుపెట్టేముందు ఒకసారి బయటికి తీసి, అందులో సంవత్సరం చూడండి.